పిలవని పెళ్లిళ్ల చుట్టం

ఏప్రిల్ 28

మేడం రాయవద్దన్నారు. "ఏదీ కాగితం మీద పెట్టకు ఎల్లం, నీ పనంతా చెవులతోనే" అని మరీ మరీ చెప్పారు. కానీ పొద్దంతా పదిమందితో పది వరసలు కలిపి వచ్చినవాడు గదికి చేరాక ఒక్క నిజమైనా అనుకోకపోతే బుర్ర చెడిపోతుంది. అందుకే రాస్తున్నాను. మేడం పేరు మాత్రం రాయను. ఆ మాత్రం మర్యాద ఉంది.

మెదక్‌లో గది దొరికింది. చర్చి దగ్గర, వజ్రమ్మ అనే ముసలామె ఇంటి మేడ మీద. ఏం పని చేస్తావని అడిగింది. పెళ్లిళ్లకు వంటవాళ్లను కుదురుస్తానన్నాను. "మంచి సీజన్‌ల వచ్చినవ్ తియ్యి" అంది.

రామాయంపేట దారిలో ఒక ఫ్యాక్టరీ ఉంది. అక్కడి నుంచి సైన్యానికి సామాను పోతుంది. ఏం సామానో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ లారీలు ఎప్పుడు కదిలేదీ అవతలి దేశం వాళ్లకు ముందే తెలిసిపోతోందట. పనివాళ్ల ఫోన్లన్నీ చూశారు. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. "అంటే ఎవరో నోటితో చెప్తున్నరు. ఈ నెలల ఇక్కడోళ్లు నోరు విప్పి మాట్లాడేది ఎక్కడ?" అన్నారు మేడం. ఇంకెక్కడ, పెళ్లిళ్లలో. ఫ్యాక్టరీ వాళ్ల ఇళ్లలోనే ఈ మేలో ఐదారు పెళ్లిళ్లున్నాయి. ఎవరో బయటివాడు చుట్టంలా దూరి కూపీ లాగుతున్నాడని వాళ్ల అనుమానం.

అందుకే నన్ను పంపారు. పెళ్లిళ్లలో చుట్టంలా దూరడం నా పాత వృత్తి. పిల్ల తరఫు వాళ్లకు పిల్లగాని తరఫు, పిల్లగాని తరఫు వాళ్లకు పిల్ల తరఫు. ఏళ్ల తరబడి అలా ఫంక్షన్ హాళ్లలో తిని, వచ్చేటప్పుడు చేతికందింది పట్టుకొచ్చేవాణ్ణి. సిద్దిపేటలో దొరికిపోయినప్పుడు పెళ్లికూతురి నానమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని ఠాణాకు వచ్చి, "మా మేనల్లున్ని ఎందుకు వట్టుకొచ్చిండ్రు?" అని పోలీసులతో కొట్లాడింది. అక్కడున్న ఒక పెద్దాఫీసరు కడుపు పట్టుకుని నవ్వాడు. నేను జైలు నుంచి వచ్చిన రోజున గేటు దగ్గర ఆయన మనిషి నిలబడి ఉన్నాడు. అప్పటి నుంచి సర్కారు పని.

షరతు ఒక్కటే. ఏ ఇంట్లోనైనా నేనెవరో తెలిసిందంటే ఆ రోజుతో పని ఆఖరు. నాకు వచ్చినవి రెండే పనులు. పాతదానికి మళ్లీ పోను. ఈ పనంటే నాకు ప్రాణం. తిండికి తిండి, చుట్టాలకు చుట్టాలు, పైగా దేశసేవ. ఇంతకంటే ఏం కావాలి?

మే 1

మొదటి పెళ్లి. అనుమానించాల్సినవాడు ఒక్కడూ లేడు. పచ్చిపులుసు అద్భుతం.

మే 4

ఈ రోజు ఒకరు దొరికారు. ఆడమనిషి. యాభైకి అటూ ఇటూ ఉంటుంది. ఆకుపచ్చ చీర, పెద్ద బొట్టు, మోచేతుల దాకా గాజులు.

ఎలా పట్టానంటే, నిజమైన చుట్టం ఏదో ఒక వంక పెట్టకుండా పెళ్లి దాటడు. మటన్‌లో ముక్కలు లేవంటాడు, తనకు బొట్టు పెట్టి పిలవలేదంటాడు, కూలర్ గాలి తన వైపు రావట్లేదంటాడు. అది చుట్టరికపు హక్కు. దొంగ చుట్టం మాత్రం అన్నీ బాగున్నాయంటాడు. నేనూ అలాగే అంటాను. ఈమె బగారా అన్నం వేయించుకుంటూ, "మస్తుగున్నదన్నా, అన్నీ మంచిగున్నయి" అంది. గరిటె నా చేతిలోనే ఉంది. వడ్డించేవాణ్ణి ఎవరూ నువ్వెవరని అడగరు, అందుకే నేను ఎక్కడికి పోయినా ముందు బకెట్ పట్టుకుంటాను.

"మీరు పిల్ల తరఫా వదినె?" అన్నాను.

"పిల్లగాని తరఫు" అంది. కాసేపటికి అవతలి వరసలో ఒకామెతో పిల్ల తరఫు అని చెప్పడం నా చెవిన పడింది. పేరు యాదలక్ష్మి అట. ఫొటోలు దిగే వేళకు కనిపించలేదు.

ఇంకొంచెం చూసి మేడంకు చెబుతాను. ఇప్పుడే చెప్పేంత విషయం కాదు.

మే 7

యుద్ధం మొదలైంది. వజ్రమ్మ పొద్దున్నే టీవీ పెట్టి ప్రార్థన చేసుకుంటోంది. రాందాస్ చౌరస్తాలో అందరూ ఫోన్లు చూస్తూ నిలబడ్డారు.

బాలనర్సమ్మ ఇంట్లో పందిరి, పసుపు దంచుడు. చిన్నకూతురు ఆశ్రిత పెళ్లి ఎల్లుండి. కొడుకు అఖిల్ ఫ్యాక్టరీలో లారీలు నింపే దగ్గర పని చేస్తాడు, అందుకే ఈ ఇల్లు ముఖ్యం. పందిరి వేసే రోజు నిచ్చెన ఎక్కినవాడు ఎవరైనా సొంతవాడే. పొద్దున్నే పోయి కొబ్బరి మట్టలు కట్టాను. పెళ్లిళ్లలో నా పేరు స్వామి. పదకొండుకల్లా బాలనర్సమ్మ నన్ను, "స్వామన్నా, జర ఆ పరదా గుంజి కట్టు" అని పురమాయిస్తోంది. సంతోషం వేసింది.

యాదలక్ష్మి ఇక్కడా ఉంది. దంచడానికి ఐదుగురు ముత్తైదువలు కావాలి, నలుగురే దొరికారు. బాలనర్సమ్మ ఆమె చెయ్యి పట్టి లాగింది. "నువ్వు రా అక్కా, రోకలి వట్టు." యాదలక్ష్మి వెనక్కి తగ్గింది. "నేనెందుకమ్మా" అంది. "ఎందుకేంది, నిండుగ లక్ష్మిదేవి లెక్కున్నవ్" అని రోకలి చేతికిచ్చేసింది. యాదలక్ష్మి చేతులు వణికాయి. ఆ తర్వాత ఎంత ఊపుగా దంచిందంటే మిగతా నలుగురూ ఆగి చూశారు. కళ్లు తుడుచుకుంది. పసుపు ఘాటు అంది.

తప్పు చేసేవాళ్లకే చేతులు వణుకుతాయి. అది నా అనుభవం. కానీ పసుపు ఘాటు కూడా నిజమే.

మధ్యలో పెద్దల్లుడు రమేశ్ అలిగాడు. సంగారెడ్డిలో ఫోన్ల దుకాణం నడుపుతాడు. తనను అడగకుండా పందిరి వేశారట. పోయి కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దకూతురు సృజన బతిమాలింది, లేవలేదు. అఖిల్ పోయి పక్కన కూర్చున్నాక వచ్చాడు. "ఏమిచ్చి తెచ్చినవ్‌రా?" అని బాలనర్సమ్మ నవ్వింది. "ఏం లేదమ్మా, ముచ్చట వెట్టిన" అన్నాడు వాడు. అల్లుళ్లంటే అంతే.

యాదలక్ష్మి గురించి ఈ రోజు కూడా మేడంకు చెప్పలేదు. ఇంకొంచెం చూడాలి.

మే 9

ఆశ్రిత పెళ్లి. రామాయంపేట రోడ్డు హాలులో. ఎండకు రేకులు పేలిపోతున్నాయి. యుద్ధం సంగతి తప్ప వేరే మాట లేదు. ఒకాయన తాళిబొట్టు కట్టే వేళకు కూడా ఫోన్లో విమానాలు చూస్తున్నాడు. పంతులు కసిరాడు.

డ్యూటీ మీద యాదలక్ష్మి వెనకే తిరిగాను. ఆమె ఎవరినీ ఏమీ అడగదు. ఎవరు ఫ్యాక్టరీ పేరెత్తినా వినదు. పెళ్లికూతురికి జడ సరిచేస్తుంది, గాజులు తొడుగుతుంది, అక్షింతలు పట్టుకుని ముందు వరసలో నిలబడుతుంది. తలంబ్రాలప్పుడు చిన్నపిల్లలా నవ్వుతుంది. గూఢచారులు ఇలా కూడా ఉంటారేమో. నేనున్నాను కదా.

ఐస్‌క్రీమ్ దగ్గర నేనే పలకరించాను. "మొన్న పసుపు మస్తు దంచిండ్రు వదినె."

"నువ్వు పందిరి గూడ గట్లనే కట్టినవన్నా."

ఆ 'అన్నా' నాకు నచ్చలేదు. మొదటి రోజే వదినె అనకుండా ఉండాల్సింది. వరస ఒకసారి కలిపితే మార్చడం కష్టం.

రమేశ్ మళ్లీ అలిగాడు. కొత్తల్లుడి సూటు తన పెళ్లినాటి సూటు కంటే మంచిదట. ఈసారీ అఖిలే పోయి లేపుకొచ్చాడు.

మే 10

కాల్పులు ఆగాయని సాయంత్రం టీవీ చెప్పింది. వజ్రమ్మ నాకు కేకు ముక్క ఇచ్చింది. నేను మెట్ల మీద కూర్చుని తింటుంటే మేడం ఫోను.

"వాళ్లకు ఆగింది, మనకు ఆగలే" అన్నారు. ఏడో తారీకునా, నిన్నా కదిలిన బండ్ల సంగతి మళ్లీ బయటికి పోయింది. మొదటి బండ్లు చేరాల్సిన చోట షెల్లు పడింది. ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. ఒకతను జహీరాబాద్ మనిషి.

"ఏడు నాడు, తొమ్మిది నాడు నువ్వెక్కడున్నవ్ ఎల్లం?"

"బాలనర్సమ్మ ఇంట్ల, మేడం."

"అక్కడెవ్వరు అనుమానం రాలేదా?"

"రాలేదు మేడం" అన్నాను. కేకు తినలేకపోయాను.

మే 11

అన్నం సహించలేదు. ఎండ వల్ల.

మే 12

మేడం మెదక్ వచ్చారు. చర్చి చూడటానికి వచ్చిన వాళ్లలా పచ్చికలో చెట్టు కింద కూర్చున్నాం. పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర తెప్పించిన ఫొటోలు ట్యాబ్‌లో ఉన్నాయి. ఫొటోలు దిగే వేళకు యాదలక్ష్మి తప్పుకుంటుంది కానీ ఎన్నింటిని తప్పుకోగలదు? ఒకదాంట్లో భుజం, ఇంకోదాంట్లో ఆకుపచ్చ కొంగు, ఒకదాంట్లో ముఖం నిండుగా.

"రెండు పెళ్లిళ్లల్ల ఉన్నది. రెండిండ్లల్ల ఎవ్వరికీ చుట్టం కాదు. నువ్వు ఆ రెండింటికీ పోయినవ్. నీకు కనపడలేదా?"

నేను పచ్చిక పీకుతూ కూర్చున్నాను.

"రెండు ప్రాణాలు పోయినయి ఎల్లం. ఎల్లుండి ఈమెను తీసుకుపోతం. పోలీసుతోని ఇంటికి పోయి, ఊళ్ల విచారించి, అన్నీ చేస్తం. నీకేమన్న తెలిస్తే ఆ లోపల చెప్పు."

నాకు తెలిసింది ఒక్కటే. ఆమె దొంగ చుట్టం. అది తెలిసి వారం దాటింది. మేడంకు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఈ రోజు నాకు నేను ఒప్పుకుంటున్నాను. ఆమె ఉన్న పెళ్లిలో నాకు హాయిగా ఉంటుంది.

మే 13

యాదలక్ష్మి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి అని పెళ్లి వంటవాళ్లను అడిగితే తెలిసింది. సెలవులకు పిల్లలు పోయారు. వెనక వరండాలో ఒక్కతే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. బొట్టు లేదు, గాజులు లేవు. నన్ను చూసి లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"నీకెట్ల తెలిసిందన్నా ఈ జాగ?"

"నేను గూడ పిలవని చుట్టాన్నే" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. "నన్ను చూసి భయపడకు. కానీ నువ్వు ఎందుకు పోతున్నవో నాకు తెల్వాలె. తెల్వకపోతే నీకే కష్టమైతది."

ఆమె మళ్లీ కూర్చుని చేట ముందుకు లాక్కుంది. తర్వాత చెప్పింది. సొంతూరు రేగోడ్. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయాడు. తమ్ముడి ఇంట్లో ఉండి వాడి కూతురికి పాలు తాగించిన దగ్గర్నుంచి పెంచింది. ఆ పిల్ల పెళ్లి రోజున తమ్ముడి భార్య వచ్చి, "జర లోపల కూసో వదినె, తాళి కట్టినంక పిలుస్త" అంది. వంటింట్లో కూర్చుంది. పిలవడం మరిచిపోయారు. బాజాలు ఆగాక తనే బయటికొచ్చి చూస్తే అప్పగింతలు కూడా అయిపోయాయి.

"ఎవ్వరు నన్ను కొట్టలే, తిట్టలే అన్నా. మంచిగనే చెప్పిండ్రు. గదే నాకు కడుపుల మండుతది." ఆ ఏడాదే మెదక్ వచ్చేసింది. ఒకనాడు హాస్టల్ పక్క హాలులో పెళ్లవుతుంటే ఎందుకో బొట్టు పెట్టుకుని పోయింది. ఎవరూ అడ్డుకోలేదు. పెళ్లికూతురికి నెత్తిన నూనె పెట్టమన్నారు. అప్పటి నుంచి పోతోంది. "తెల్వనోళ్ల ఇంట్ల నేను గూడ మనిషినే. పాపమైతే నాకే రానీ."

చేటకు ఇంకో పక్క కూర్చున్నాను. కాసేపు ఇద్దరం బియ్యం ఏరాం.

మే 14

పొద్దున్నే మేడంకు ఫోను చేశాను.

"ఆమె నా మనిషి మేడం. ఆడోళ్లల్లకు నేను పోలేను కదా, నేనే తెచ్చుకున్న. మిమ్మల్ని అడగకుండ తెచ్చుడు తప్పే."

మేడం నాకంటే చిన్నవారు గానీ నా అబద్ధాలన్నీ చదివినవారు.

"నీ మనిషా?"

"నా మనిషే."

"మరి మొన్న చెట్టు కింద ఎందుకు చెప్పలే?"

"సిగ్గైంది మేడం."

ఇదొక్కటీ నిజం. దాంతోనే నమ్మినట్టున్నారు. "ఆమె కాకుంటే ఇంకెవ్వరో దొరకాలె. నాకు పేరు కావాలె ఎల్లం. దొరక్కపోతే ఆమెనే తీసుకుపోతం, నిన్ను గూడ" అని పెట్టేశారు.

మే 15

బాలనర్సమ్మ ఇంటి ఆ రెండు రోజులూ తలలో మళ్లీ మళ్లీ తిప్పాను. బయటివాళ్లు ఎవరు? వీడియోవాళ్లు, బ్యాండువాళ్లు, యాదలక్ష్మి, నేను. వీడియోవాళ్లనూ బ్యాండువాళ్లనూ మేడం ఎప్పుడో జల్లెడ పట్టారు. ఇంకెవరూ లేరు.

దొంగను కదా, నాలాంటివాడి కోసమే వెతికాను. ఇంటివాళ్ల వైపు చూడనే లేదు.

పాత రోజుల్లో నా చూపంతా చేతుల మీదే ఉండేది. ఎవరు ఎవరికి ఏం ఇచ్చారు, అది ఏ సంచిలోకి పోయింది. ఆ చూపుతో మళ్లీ చూశాను. అప్పుడు తట్టింది.

అలిగిన అల్లుడు వట్టి చేతులతో లేవడం నేను ఎక్కడా చూడలేదు. అలక అంటేనే ఏదో ఒకటి రాబట్టడం. వాచీ కావచ్చు, గొలుసు కావచ్చు, బండి తాళంచెవి కావచ్చు, ఏమీ లేకపోతే మామగారి చేతి ఉంగరమైనా కావచ్చు. తీసుకున్నాక పదిమందికి చూపిస్తూ భోజనానికి వస్తాడు. రమేశ్ రెండుసార్లు అలిగాడు. రెండుసార్లూ లేచి వచ్చాడు. వేలికి కొత్తది లేదు, మెడలో కొత్తది లేదు, జేబు బరువు పెరగలేదు. మరి అఖిల్ ఏమిచ్చి లేపాడు?

బావ అలిగి అడిగితే బామ్మర్ది కాదనలేడు. అడిగింది కంటికి కనపడనిదైతే అసలు కాదనే పనే లేదు.

మే 16

బాలనర్సమ్మ ఇంట్లో కొత్త జంటకు దావత్. పొద్దున్నే మేక కోశారు. నేను బకెట్ పట్టుకున్నాను. మధ్యాహ్నం రమేశ్ అలిగాడు. ఈసారి కారణం కొత్తల్లుడికి కాలేయం ముక్కలు ఎక్కువ పడ్డాయని. అవి వేసింది నేనే, కావాలనే వేశాను.

కారు వేపచెట్టు నీడలో ఉంది. అఖిల్ వెళ్లి కూర్చున్నాడు. నేను చల్లటి నీళ్ల సీసాలు పట్టుకుని వెనక వైపు నుంచి పోయాను. ఏసీ పాడైందేమో, అద్దం దించి ఉంది.

"ఎప్పుడు గదే అడుగుతవేంది బావా? వాచీ అడుగు, కొనిస్త."

"నాకెందుకుర వాచీ? బామ్మర్దివి, నీ పని ముచ్చట నాతోని చెప్పుకోకుంటే ఇంకెవ్వనితోని చెప్పుకుంటవ్? నన్ను పరాయోన్ని చేస్తున్నవ్. రేపు ఎన్ని బండ్లు, ఏ దిక్కు? చెప్తెనే లేస్త."

"అబ్బ, చెప్త తియ్యి, అమ్మ పరేషాన్ అయితుంది."

వాడు చెప్పాడు. ఎంత అమాయకంగా చెప్పాడంటే నాకు వాడి నోరు మూయాలనిపించింది. సీసాలు ఇచ్చి వచ్చేశాను. గోడ చాటుకు పోయి మేడంకు ఒక్క పేరు చెప్పాను.

మళ్లీ వచ్చి వడ్డించాను. బాలనర్సమ్మ నాకు దగ్గరుండి మూలగ బొక్క వేసింది. "అందరికి వెడ్తవ్, నువ్వెప్పుడు తింటవ్ స్వామన్నా?" అంది. తిన్నాను. రుచిగానే ఉంది.

మే 18

రమేశ్‌ను పట్టుకున్నారు. బండ్ల సంగతులు ఫోన్లో పరిచయమైన ఎవరికో అమ్ముతున్నాడట. అఖిల్‌ను కూడా అడిగి వదిలేశారు, ఉద్యోగం మాత్రం ఆపారు.

మేడం "శెబ్బాష్ ఎల్లం" అన్నారు. జూన్‌లో నిజామాబాద్ వైపు పెళ్లిళ్లున్నాయట. గదిలో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. యాదలక్ష్మి బతికింది. నా పని నిలబడింది.

మే 21

పదహారు రోజుల పండుగ ఆపడం అశుభమని బాలనర్సమ్మ చిన్నగా చేస్తోంది. ముత్తైదువలు ఆశ్రిత ఒడిలో ఒడిబియ్యం పోస్తారు. పసుపు దంచిన అక్కయ్య చేత్తోనే మొదటి దోసిలి పడాలని పట్టుబట్టి, యాదలక్ష్మిని వెతికి తీసుకురమ్మని నాకే చెప్పింది.

యాదలక్ష్మి పోనంది. "వాళ్ల ఇల్లు ఇప్పుడు బాధల ఉన్నది. నేను పోవద్దు."

"పిలిచిండ్రు కదా. ఇన్నేండ్లల్ల నిన్ను పిలిచిన మొదటి ఇల్లు ఇదే కదా" అన్నాను.

ఆ మాటకు ఒప్పుకుంది. అన్నాక, అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

మే 24

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నడింట్లో పీట మీద ఆశ్రిత కూర్చుంది. పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు. సృజన ముందుకొచ్చి చెల్లి పక్కన నిలబడింది. ఒక ముసలామె ఆమె భుజం తట్టి, "జర పక్కకుండు బిడ్డా, నీ మొగడు జైల్ల ఉన్నడు కదా, నువ్వు పొయ్యొద్దు" అంది. మంచిగానే చెప్పింది. సృజన తల్లి వైపు చూసింది. బాలనర్సమ్మ పళ్లెం వైపు చూసింది. సృజన పోయి గోడకు ఆనుకుంది.

యాదలక్ష్మి దోసిలి నింపింది. అప్పుడు పెళ్లికొడుకు మేనత్త వాకిట్లోంచి లోపలికొచ్చింది. ఆమెది రేగోడ్.

"నువ్వు యాదలక్ష్మివి కాదు? నీ మొగడు పొయ్యి ఎన్నేండ్లాయె! ఈ బొట్టేంది, ఈ గాజులేంది?"

యాదలక్ష్మి దోసిలిలోంచి బియ్యం పళ్లెంలోకి జారిపోయింది. గాజులు కొంగుతో కప్పుకుంది.

బాలనర్సమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఇల్లదిరిపోయేలా అరిచింది. "గిదా సంగతి! నా బిడ్డ పసుపు దంచినవ్ కదనే! నీ చెయ్యి వడ్డది, నా అల్లుడు జైలుకు వాయె, నా కొడుకు నౌకరి వాయె! ఏం పాపం జేసినమే నీకు?"

అందరూ ఆమె చుట్టూ మూగారు. యాదలక్ష్మి నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమో గానీ, చూడకపోవడంతో నేను నిలబడలేకపోయాను. నేను నోరు మూసుకుంటే జూన్‌లో నిజామాబాద్ పెళ్లిళ్లు. ఆమె మాత్రం బతికున్నన్నాళ్లూ ఈ ఇంటి పాపం మోస్తుంది. ఊళ్లన్నిటికీ పాకుతుంది ఈ మాట. బకెట్ కింద పెట్టాను.

"బాలనర్సమ్మా, ఆమెను అనకుండ్రి. మీ అల్లున్ని వట్టిచ్చింది ఆమె చెయ్యి కాదు, నేను. నా పేరు స్వామి కాదు, ఎల్లం. మీకు ఏ వరసల చుట్టాన్ని కాదు. సర్కారు పంపితే వచ్చినోన్ని. కారు కాడ వాళ్లు మాట్లాడింది విని నేనే చెప్పిన. మీ అల్లుడు అమ్మిన ముచ్చటకు ఇద్దరు డ్రైవర్లు పానాలు ఇడిచిండ్రు. గది ఏ పసుపు వల్ల కాలే."

అఖిల్ మెల్లగా కింద కూర్చుని ముఖం దాచుకున్నాడు. బాలనర్సమ్మ నా దగ్గరికొచ్చింది. "మా అన్నం తిన్నవ్ కదరా" అంది. చెంప మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. నేను దండం పెట్టి బయటికొచ్చేశాను.

బస్సు ఆగే చోట బెంచీ మీద కూర్చున్నాను. ఎండ చాలా ఉంది. యాదలక్ష్మి వెంటనే వస్తుందనుకున్నాను. రాలేదు. తిరిగి పోదామా అనుకునే వేళకు కనిపించింది. బొట్టు అలాగే ఉంది. చేతులకు పసుపు బియ్యం అంటుకుని ఉంది.

"పోసిన" అంది.

నేను బెంచీ మీద పక్కకు జరిగాను.

"నేను బయిటికొస్తుంటె సృజన చెయ్యి వట్టుకున్నది. 'నన్ను గూడ గోడకు నిలవెట్టిండ్రు కదా అమ్మా. ఈమె పొయ్యొద్దంటే నేను గూడ పొయ్య, ఈ ఇంటికి మళ్ల రాను' అన్నది. అంత చిన్న పిల్ల, ఏమి ధైర్యమన్నా! వాళ్లమ్మ మస్తు సేపు ఏడ్చింది. ఏడ్సి ఏడ్సి, పళ్లెం నా ముందటికి జరిపింది. ఏం మాట్లాడలే, జరిపింది. సృజన, నేను కలిసి పోసినం. రేగోడ్ ఆమె అలిగి వెళ్లిపోయింది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే. దారిన పోయేవాళ్లు చూశారు.

"ఇగ నీ పని?" అంది.

"పోయింది."

"అన్నం తిన్నవా?"

"లేదు."

హాస్టల్‌కు పోయాం. పొద్దుటి పప్పు వేడి చేసింది. ఇద్దరం వరండాలో కూర్చుని తిన్నాం. నన్ను 'అన్నా' అనలేదు. ఏమీ అనలేదు, అదే చాలా బాగుంది.

మే 25

మేడం ఫోను చేశారు. చాలా తిట్టారు. తిట్టినంతసేపూ మేడం, మేడం అంటూనే ఉన్నాను. సిమ్ కార్డు, ఫోను తీసుకోవడానికి మనిషిని పంపుతారట. చివర్న, "ఆమె మంచిగున్నదా?" అన్నారు. ఉంది అన్నాను. "సరే పో" అన్నారు.

వజ్రమ్మకు నిజం చెప్పాను. పెళ్లి వంటల పని ఇప్పుడు నిజంగానే వెతుక్కోవాలని. వాళ్ల చర్చి సంఘంలో జూన్‌లో ఒక పెళ్లుంది, అడుగుతానంది. యాదలక్ష్మి వండుతుంది, నేను వడ్డిస్తాను. చూడాలి.

నిన్న రాయని మాట ఒకటుంది. నేను వాకిలి దాటి రోడ్డెక్కాక బాలనర్సమ్మ గడపలోకొచ్చి వీధంతా వినపడేలా శాపనార్థాలు పెట్టింది. "ఒరే ఎల్లం! నీ నోట్ల మన్ను వడ! ఎల్లం! మళ్ల నా గడప తొక్కినవో సూడు!" ఇన్నేళ్లలో ఇన్ని పెళ్లిళ్లకు పోయాను. నన్ను బావా అన్నారు, మామా అన్నారు, మేనల్లుడన్నారు. నా సొంత పేరుతో పిలిచిన మొదటి పెళ్లింటి మనిషి ఆమే. వీధి మలుపు తిరిగేదాకా మెల్లగా నడిచాను, ఇంకోసారి పిలుస్తుందేమోనని.